దిగిన చోటే బజారు
కృష్ణా తుంగభద్రల నడుమ: తొమ్మిదవ భాగం

గత రెండు భాగాల్లో రాయచూరు కోట చేతులు మారిన కథ చెప్పుకున్నాం. కాకతీయులు, బహమనీలు, విజయనగర రాయలు, బీజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాములు ఒకరి వెనుక ఒకరు వచ్చి వెళ్లారు. ఎవరు వచ్చినా కోట కింద బజారు ఆగలేదు, అయితే ఉన్నచోటనే ఉండిపోనూ లేదు. ఏడు వందల ఏళ్లలో అది దర్వాజా నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి గంజ్‌కు, గంజ్ నుంచి బస్టాండుకు, అక్కడి నుంచి ఊరి బయటి రోడ్ల మీదికి జరుగుతూ వచ్చింది. ఒక దుకాణం ఎందుకు తెరుచుకుంటుంది, ఎందుకు మూతపడుతుంది, నాలుగు వీధులు దాటి మరోచోట ఎందుకు బోర్డు కట్టుకుంటుంది? అద్దెలు పెరిగాయనీ, కొడుకులు వేరుపడ్డారనీ, పాలకులు పొమ్మన్నారనీ మామూలుగా కారణాలు చెబుతుంటారు. ఒక్కొక్క దుకాణానికి అవి నిజమే కావచ్చు. ఒక వీధి మొత్తం కదిలినప్పుడు మాత్రం అవి చాలవు. వీధిని కదిలించేవి రెండే విషయాలని రాయచూరు చరిత్ర చూపిస్తుంది: పల్లె నుంచి వచ్చినవాడు ఎక్కడ దిగుతాడు, అతని చేతికి డబ్బు ఎక్కడ అందుతుంది. ఈ రెండూ ఒకేచోట జరిగితే బజారు చిక్కబడుతుంది. అవి విడిపోతే బజారు కూడా రెండుగా చీలుతుంది.

మొదటి సాక్ష్యం కోట గోడలోనే ఉంది. లోపలి కోట గోడలో ఒదిగిన, సుమారు 41 అడుగుల పొడవున్న రాతిపలక మీద 1294 నాటి తెలుగు శాసనం, కాకతీయుల కాలంలో విఠలుడు ఈ కోట కట్టించిన వైనాన్ని చెబుతుంది. దాని పక్కనే, అంతటి రాయిని బండి మీద వేసి దున్నపోతుల జతలు లాక్కొస్తున్న దృశ్యాన్ని చెక్కారు. యుద్ధాల కథ చెప్పేవాళ్లు ఈ బొమ్మను చూసీచూడనట్టు దాటిపోతారు. బజారు కథకు మాత్రం ఇది మొదటి పుట. ఈ ఊరికి బరువైనదేదైనా బండి మీదే రావాలి, బండి దర్వాజా దగ్గరే ఆగాలి. బీజాపూరు సుల్తానుల కాలంలో బయటి ప్రాకారం లేచాక మక్కా దర్వాజా, నౌరంగీ దర్వాజా, కాటీ దర్వాజా వంటి ద్వారాలు ఊరి రాకపోకలకు కొళాయిల్లా పనిచేశాయి. సుంకం అక్కడే, సోదా అక్కడే. బండి ఆగినచోట రైతు ధాన్యమో నెయ్యో అమ్ముకుంటాడు, ఆ చేత్తోనే ఉప్పూ బట్టా కొనుక్కుంటాడు. దిగే చోటు, డబ్బు అందే చోటు ఒకటే. కాటీ దర్వాజా వైపు 1513 నాటి ఏక్ మినార్ మసీదు, దానికి దగ్గర్లో తీన్ కందీల్ కూడలి చుట్టూ పాత బజారు గుమిగూడటానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు. బేస్తవారపేట, మంగళవారపేట వంటి పేట పేర్లు నేటికీ ఊళ్లో వాడుకలో ఉన్నాయి. వారానికొక రోజు సంత దిగిన చోట్లు క్రమంగా నివాసాలుగా, నిత్య దుకాణాలుగా గట్టిపడ్డాయని వాటిని బట్టి ఊహించడం అతిశయోక్తి కాదు. మక్తల్‌పేట ఏ దారిన వచ్చేవాళ్లను చూసి వెలసిందో దాని పేరే చెబుతోంది.

ఈ అమరికను పగలగొట్టినది రైలు. హైదరాబాదు కంటింజెంటు సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో నిజాం బేరారుతో పాటు రాయచూరు దోఆబ్‌ను కంపెనీ చేతికి అప్పగించాడు. 1860 ఒప్పందంతో దోఆబ్ తిరిగి నిజాం పాలనలోకి వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్లకు, 1871లో, బొంబాయి నుంచి దిగివచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి ఎక్కివచ్చిన మద్రాసు రైల్వే రాయచూరులోనే చేతులు కలిపాయి. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు నడిచింది 1874లో. అంటే రాజధానికి రైలు అందకముందే రాయచూరుకు అందింది, అదీ రెండు సముద్ర తీరాలను కలుపుతూ. ఈ సంగతికి మన చరిత్ర పుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు. 1520లో కృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్‌షా ఈ కోట కోసం తలపడిన యుద్ధాన్ని వందసార్లు రాశాం. మామూలు మనిషి బతుకును అంతకన్నా లోతుగా మార్చిన 1871ను ఒక్క వాక్యంతో సరిపెట్టాం.

స్టేషన్ కోటకు ఎడంగా పడింది. ఆ ఎడమే కొత్త బజారుకు జాగా ఇచ్చింది. దోఆబ్ నల్లరేగడిలో పండిన పత్తి అంతకుముందు ఎడ్లబండ్ల మీదా, గాడిదల మీదా ఘాట్లు దాటి పోయేది. ఇప్పుడు అది గూడ్స్ షెడ్డు ముందుకు రావడం మొదలైంది. పత్తి వదులుగా ఉంటే వ్యాగను నిండా జాగా తింటుంది కాబట్టి గింజ తీసే మిల్లులూ, బేళ్లు కట్టే ప్రెస్సులూ రైలు పట్టాలకు దగ్గరగా రాక తప్పలేదు. ప్రెస్సు దగ్గర తూకం, తూకం దగ్గర డబ్బు. డబ్బు అందిన రైతు వెనక్కి తిరిగి కోట దాకా వెళ్లి కొనడం మానేశాడు. పత్తి ఎక్కించుకుపోయిన రైలే తిరుగు ప్రయాణంలో మాంచెస్టర్ బట్ట, కిరసనాయిలు, ఇనుప సామాను మోసుకొచ్చింది. 1876-78 కరువులో ఈ ప్రాంతానికి బయటి గింజ చేరడానికీ రైలే దిక్కైంది. 1901 జనాభా లెక్కలు రాయచూరు పట్టణానికి 22,165 మందిని చూపాయి. ఆనాటి దక్కనులో అది చిన్న ఊరు కాదు. పైగా ఇది రెండు నాణేల ఊరు. ఊరి లెక్కలు నిజాం హాలీ సిక్కాలో, రైలు కంపెనీల లెక్కలు ఇంగ్లీషు కల్దార్ రూపాయల్లో. ఏడు హాలీ సిక్కాలకు ఆరు కల్దార్లన్నది అధికారిక మారకం. రోజువారీ మార్పిడిలో వచ్చే వట్టం సరాఫులకు స్థిరమైన రాబడి. 1950లలో హాలీ చలామణి అంతరించాక సరాఫుకు ఆ పని పోయి బంగారం ఒక్కటే మిగిలింది. ఒక వ్యాపారం మూతపడిన జాగాలోనే దాని తోబుట్టువు పెరిగిందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ రాయచూరులో లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బజారును నిలబెట్టేది రైలు కాదు, సర్కారు అంటారు కొందరు. కలెక్టరు కచేరీ, కోర్టు, ఖజానా ఉన్నచోటికి జనం వస్తారు, జనం వచ్చినచోట అంగళ్లు లేస్తాయి. మాట సబబుగానే ఉంది. కానీ మన జిల్లాలోనే దీన్ని పరీక్షించుకునే అవకాశం ఉంది. లింగసుగూరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. కంటింజెంటు దండు విడిది చేసిన ఊరు కూడా. దండు ఉన్నచోట డబ్బుకు లోటుండదు. 1905 పునర్వ్యవస్థీకరణలో ఆ జిల్లానే రద్దుచేసి లింగసుగూరును రాయచూరులో కలిపారు. కచేరీ వచ్చిందని రాయచూరు ఎదగలేదు. ముప్పై నాలుగేళ్ల ముందే రైలు దగ్గరకు చేరిన సరుకూ జనమూ చూసే కచేరీలను ఇక్కడ కుదించారు. పాలకుడు బజారుకు తోవ చూపలేదు, బజారు పోయిన తోవనే పోయాడు. అయితే పాలకుడి చేయి అసలే లేదని కూడా అనను. నిజాం రాజ్యపు కరోడ్‌గిరి శాఖ సరిహద్దు దాటే సరుకు మీద నూటికి అయిదు వసూలు చేసేది. సుంకం ఎక్కడ కట్టాలో అక్కడే సరుకు విప్పాలి, విప్పినచోటే టోకు వర్తకుడు కాపుకాస్తాడు. సర్కారు బజారును ఇలా, దిగే చోటును నిర్ణయించడం ద్వారా మాత్రమే కదిలించగలదు.

గంజ్ పుట్టుక దీనికి నిదర్శనం. 1930లో హైదరాబాదు రాజ్యం వ్యవసాయ మార్కెట్ల చట్టం చేసింది. ఎక్కడ పడితే అక్కడ, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని రహస్యంగా బేరం తేల్చడం, తరుగూ ధర్మాదాయమూ అంటూ రైతు మూట కోసేయడం ఆ కాలపు రివాజు. అమ్మకాన్ని ఒక ఆవరణలోకి తెచ్చి, కాటా సరిచూసి, వేలం బహిరంగంగా పాడించాలన్నది చట్టం ఉద్దేశం. ఆ తోవలో ఎదిగినదే ఈనాటి రాజేంద్ర గంజ్. కర్ణాటక 1966 మార్కెట్ల చట్టం కింద అది ఎపిఎంసి యార్డుగా నడుస్తోంది. రైతు బండి ఇప్పుడు ప్రెస్సు ముందు కాక గంజ్‌లో ఆగింది. అడ్తి దుకాణంలో పట్టీ రాసి డబ్బు చేతిలో పెట్టేదీ అక్కడే. కనుక ఆ చుట్టూ విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, టార్పాలిన్లు, తాళ్లు, పంపుసెట్లు, ఇనుప సామాను అమ్మే దుకాణాలు వరుస కట్టాయి. గంజ్ రోడ్డు మీద పట్టుచీరల దుకాణం పెట్టి నెగ్గుకురావడం ఎందుకు కష్టమో, పాత బజారులో ఎరువుల దుకాణం ఎందుకు నిలవదో ఇక్కడ తెలుస్తుంది.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, నాకు తెలిసి అన్నిటికన్నా గట్టిది. రైతు కొనేది నగదుతో కాదు, ఉద్దెరతో. అతన్ని కట్టిపడేసేది దూరం కాదు, అప్పు. తాతనాటి నుంచి ఖాతా ఉన్న సావుకారి దుకాణం ఎక్కడికి జరిగినా అతను వెంట పోవాల్సిందే. కోమటి, లింగాయత, మార్వాడీ, ముస్లిం వర్తక కుటుంబాల చరిత్ర అంతా ఈ నమ్మకం మీద నిలిచిందని ఈ అభ్యంతరం చెప్పేవాళ్ల వాదన. నిజమే, విత్తనానికి అడ్వాన్సు ఇచ్చినవాడి దగ్గరికే పంట తూకానికి వస్తుంది. కానీ ఆ సావుకారి ఎక్కడికి జరిగాడో చూడండి. బాకీ వసూలయ్యే ఘడియ పంట కాటా ఎక్కే ఘడియే. ఆ వేళ రైతు పక్కన లేని సావుకారి ఆ ఏడు బాకీ మరిచిపోవాల్సిందే. అందుకే అప్పిచ్చేవాడు కాటా వెంట స్టేషన్‌కు, తర్వాత గంజ్‌కు నడిచాడు. అప్పు రైతును కట్టేసినట్టే సావుకారినీ కాటాకు కట్టేసింది. ఉద్దెర నా వాదనను కొట్టివేయడం లేదు, డబ్బు అందే చోటు అన్న మాటకు అది అసలు అర్థం చెబుతోంది.

గంజ్ డబ్బు అందే చోటును తీసుకుంటే, దిగే చోటును బస్సు తీసుకుంది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. దేశంలో ప్రభుత్వం నడిపిన తొలి బస్సు సర్వీసుల్లో అది ఒకటి. 1956 తర్వాత రాయచూరు బస్సులు మైసూరు రాష్ట్రానికి, 1961 నుంచి కార్పొరేషన్‌కు, 2000లో ఈశాన్య సంస్థకు చేరాయి. నేడు అది కల్యాణ కర్ణాటక సంస్థ. ఈ మార్పుల్లో మనకు పనికొచ్చే సంగతి ఒక్కటే: బస్టాండు కోట పక్కన వెలసింది. రైలు ఊరి బయటికి లాగిన జనాన్ని బస్సు మళ్లీ పాత ఊరి గుమ్మం ముందు దింపింది. మానవి, దేవదుర్గ, సిరివార నుంచి వచ్చిన కుటుంబం దిగగానే నాలుగడుగుల్లో తీన్ కందీల్, సరాఫ్ బజార్, ఉస్మానియా మార్కెట్. రైలు యుగంలో వాడిపోవలసిన పాత బజారు రెండోసారి చిగురించింది. అయితే మునుపటిలా అన్నీ అమ్మే బజారుగా కాదు. పంటకు కావలసినవి గంజ్‌లో, ఇంటికీ పెళ్లికీ కావలసినవి పాత బజారులో. మగవాడి ఖర్చుకూ ఆడవాళ్ల ఎంపికకూ రెండు వేర్వేరు చోట్లు ఏర్పడ్డాయి. బంగారం అంగళ్లు ఒకదాని పక్కన ఒకటి ఎందుకు ఒరుసుకుంటాయన్న దానికి హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1929లో ఒక వివరణ ఇచ్చాడు. ఒకే సరుకు అమ్మే ఇద్దరు కొనేవాళ్లను పంచుకోవడానికి ఎడంగా పోరు, ఒకరినొకరు ఆనుకుని నడిమధ్యకు చేరతారన్నాడు. సరాఫ్ బజార్‌లో దానికి ఇంకో కారణం కలుస్తుంది. నాలుగు అంగళ్లలో తరుగూ మజూరీ విచారించకుండా ఏ తల్లీ కూతురి నగ కొనదు. ఆ విచారణ కాలినడకన జరగాలి. అందుకే ఎన్ని ఎరువుల దుకాణాలు పోయినా సరాఫ్ బజార్ కదలలేదు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాజ్యం మూడు ముక్కలైంది. రాయచూరు మైసూరుకు వెళ్లింది. దాని తాలూకాలైన గద్వాల, అలంపురం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. రాష్ట్రం మారింది, భాష పేరు మీద గీత పడింది. అయినా గద్వాల నుంచి కొనుగోలుకు, వైద్యానికి రాయచూరు రావడం ఆగలేదు. రాయచూరు అంగళ్లలో నేటికీ తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ ఒక్క బేరంలోనే వినిపిస్తాయి. భాషాభిమానం ఉన్నవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు, కొనేవాడికి మాత్రం బస్సు ఎక్కడ ఆగుతుందన్నదే లెక్క. రాయచూరు దుకాణాలను నిజంగా దెబ్బ కొట్టినది సరిహద్దు గీత కాదు, కాలువ. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయి ఎడమ కాలువ నీళ్లు పారాక సింధనూరు వరిపొలమైంది. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి తెలుగు రైతులు తరలివచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. రైస్‌మిల్లులు అక్కడే లేచాయి, డబ్బు అక్కడే చేతికందింది. ట్రాక్టరు విడిభాగాల కోసం ఎనభై, తొంభై కిలోమీటర్లు వచ్చే పని వాళ్లకు లేకపోయింది. దోఆబ్ మొత్తానికి ఒక్క బజారుగా ఉన్న రాయచూరు ఆ ధాన్యపు కొనుగోలుదారును కోల్పోయింది. ఈ మధ్య 2016లో జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట జిల్లా కేంద్రాలైనప్పుడు కూడా ఇదే ముప్పును ఊహించారు. ఒకవైపు జిల్లా కేంద్రాలు కొనుగోలుదారును తమ దగ్గరే పట్టుకుంటుంటే, మరోవైపు 2013లో గద్వాల రైలు మార్గం, 2023లో కృష్ణా స్టేషన్ మీదుగా మహబూబ్‌నగర్ వైపు మార్గం తెరుచుకుని రాయచూరుకు కొత్త తోవలు ఇచ్చాయి. ఏది గెలుస్తుందో ఇంకో పదేళ్ల షట్టర్లు చెప్పాలి.

1985లో శక్తినగర్ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలయ్యాక ఇంకో రకం కొనుగోలుదారు వచ్చాడు. నెల జీతగాడు. తర్వాత వైద్య కళాశాలలు, 2008లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ వర్గాన్ని పెంచాయి. వాళ్ల డబ్బు పంటతో రాదు, బ్యాంకులో పడుతుంది. వాళ్లు బస్సు దిగరు, స్కూటరో కారో ఆపుతారు. బండి ఆపే జాగానే వాళ్లకు దిగే చోటు. స్టేషన్ రోడ్డు, లింగసుగూరు రోడ్డు వెంట అద్దాల షోరూములూ, ఎలక్ట్రానిక్స్ దుకాణాలూ, రెడీమేడ్ కంపెనీలూ రావడం, తీన్ కందీల్ ఇరుకు సందుల్లో రేడియో, గడియారాల అంగళ్లు షట్టర్ దించడం ఒకే కారణానికి రెండు కొసలు. దీన్ని పాత బజారు మరణంగా రాసేవాళ్లతో నేను ఏకీభవించను. 1996లో చెన్నై కొత్తవాల్ చావడి కూరగాయల టోకు వర్తకం కోయంబేడుకు తరలిపోయింది. 1969లో పారిస్ నడిబొడ్డున ఉన్న లే హాల్ మార్కెట్ రుంజీస్‌కు పోయింది. ఆ రెండు పాత చోట్లూ బీడుపడలేదు, వేరే సరుకుకు వేరే జనానికి నిలయమయ్యాయి. మూసిన షట్టర్లు లెక్కపెట్టి ఊరు చితికిందనడం సగం లెక్క. అదే ఏడు మరో రోడ్డు మీద ఎన్ని తెరిచారో కూడా లెక్కపెట్టాలి.

ఫోనులో కొంటున్న కాలంలో దిగే చోటు అనే మాటకు అర్థమేమిటని అడగవచ్చు. పైగా డబ్బు కూడా గంజ్‌లో చేతికి అందడం తగ్గింది. కర్ణాటక 2014లో ఏకీకృత మార్కెట్ వేదిక పెట్టి వేలాన్ని కంప్యూటర్ మీదికి తెచ్చింది. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధర రైతు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. నా వాదన ఇక్కడ బలహీనపడుతుందని ఒప్పుకోవాలా? కొంతవరకు. రెడీమేడ్ చొక్కా, ఫోను, మిక్సీ విషయంలో దిగే చోటు ఇంటి గుమ్మమే అయింది, ఆ దుకాణాలే ముందు నలుగుతున్నాయి. కానీ విత్తనాన్ని చేతిలో పోసి చూడాలి, మొలక రాకపోతే నిలదీయడానికి ఒక మనిషి కావాలి. పత్తి కాటా ఎక్కడానికి మనిషి ఇంకా గంజ్‌కు రావాల్సిందే. డబ్బు ఖాతాలో పడినా, పడిందని ఖాయం చేసుకోవడానికి బ్యాంకు గుమ్మం ఎక్కాల్సిందే. బ్యాంకులున్న వీధుల్లో చిన్న దుకాణాలు పెరగడాన్ని ఈ కోణంలోంచి చూడాలి.

ఈ మార్పులన్నిటిలో ఎక్కువ నష్టపోతున్నవాళ్లకు షట్టరే లేదు. బస్టాండు ముందు పళ్ల బండి, ఉస్మానియా మార్కెట్ వాకిట కొత్తిమీర గంప, తీన్ కందీల్ మూల మీద గాజుల తట్ట. వీళ్లకు ఉద్దెర ఖాతా లేదు, పగిడి ఇచ్చి కొన్న జాగా లేదు, ఇంకో రోడ్డుకు మారేందుకు పెట్టుబడి లేదు. ఉన్నదల్లా జనం దిగే చోట నిలబడగలగడం. అద్దాల షోరూము తనకు కావలసినవాళ్లను ప్రకటన ఇచ్చి రప్పించుకోగలదు, గంప ముందు కూర్చున్న ఆడమనిషి రప్పించుకోలేదు. ట్రాఫిక్ పేరుతో ఆమెను ఊరి అంచున కట్టిన ప్లాట్‌ఫారానికి పంపితే మార్చినట్టు కాదు, మూసేసినట్టే. 2014 వీధి వ్యాపారుల చట్టం ఈ సంగతి గ్రహించింది. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చాలాకాలంగా తమంత తాము కలుసుకుంటున్న చోటును సహజ మార్కెట్‌గా గుర్తించాలనీ, యాభై ఏళ్లు పైబడిన చోట్ల నుంచి వ్యాపారులను కదిలించరాదనీ అంది. అలాంటి చోట్లు గుర్తించడానికి పట్టణ వెండింగ్ కమిటీలు వేయమంది. రాయచూరులో ఆ గుర్తింపు పనికి ఏ సర్వే అయినా మొదలుపెడితే, కోట చుట్టూ దర్వాజా దర్వాజాకూ బస్సు ఆగే ప్రతి మలుపుకూ తిరగాలి. యాభై ఏళ్లేమిటి, అయిదు వందల ఏళ్ల పాత చోట్లు అక్కడ ఉన్నాయి.

(సశేషం)